చేతిలో ఉండ కట్టిన మంచు

రెండు వేల ఇరవై మూడు, మే నెల. గోపాలపట్నంలో మా ఇంటి నుంచి పోర్టు వైపు బండి మీద వెళ్లేసరికి చొక్కా పిండితే నీళ్లొచ్చేలా ఉంది. ఆ ఎండలో నేను వెళ్తున్నది మంచు పడుతోందన్న ఫిర్యాదు మీద!

నేను రిఫ్రిజరేషన్ మెకానిక్‌ని. ఇరవై ఏళ్లుగా కోల్డ్ స్టోరేజీలు బాగుచేస్తున్నాను. ఆకాశం నుంచి పడే మంచు ఇంతవరకూ చూడలేదు. నేను చూసిందంతా నాలుగు గోడల మధ్య పడిందే. ఆ రోజు పిలిచింది ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీ వాళ్లు. సున్నాకి ఇరవై డిగ్రీల కింద ఉండే గదిలో రొయ్యల పెట్టెల మీద మంచు పేరుకుపోతోంది. నేల మీద అది గడ్డకట్టడంతో ముందురోజు ఒకతను జారిపడ్డాడు.

మేనేజరు మూర్తిగారు భీమవరం వైపు మనిషి. నేను కుర్చీలో కూర్చోకముందే తీర్పు చెప్పేశారు. "తలుపు దగ్గర పైడమ్మ ఉందికదండీ, ఆవిడ తలుపు బార్లా తీసి వదిలేస్తోంది. వేడిగాలి లోపలికొచ్చి మంచవుతోంది. మీరు రిపోర్టులో ఆ ముక్క రాసిచ్చేయండి. సోమవారం నుంచి ఆవిడని మానిపించేస్తాను."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను పెన్ను తీశాను. తలుపు తెరిచి ఉంచితే మంచు పడుతుందన్నది మా పనిలో అందరికీ తెలిసిన సంగతే. పది కేసుల్లో తొమ్మిది అవే. పైగా ఆ గది నాకు కొత్త కాదు. ఫిబ్రవరిలో సర్వీసు చేసింది కూడా నేనే. లోపలికెళ్లి చలికి వణకడం ఎందుకనుకున్నాను.

అప్పుడే పైడమ్మ గుమ్మం దగ్గరికొచ్చింది. యాభై ఏళ్లుంటాయి. పద్మనాభం నుంచి రోజూ మొదటి బస్సుకి వస్తుంది. భర్తకి నడుం పడిపోయాక ఇంటికి ఆమె జీతమే ఆధారం.

"బాబూ, ఒక్కసారి లోపలికెల్లి సూసి రాయండి. నాను తలుపు ఎప్పటికప్పుడు మూసీతన్నాను. తలుపు కాడ మంచు బూడిదలాగుంటాది, తుడిస్తే పోతాది. ఆ లోపలదే అతుక్కుపోతన్నాది. అదేటో నాకు తెల్దు."

ఆ మాటకి నా పెన్ను ఆగిపోయింది. ఇరవై ఏళ్ల అనుభవమున్న మెకానిక్‌గా నేను అడగాల్సిన ప్రశ్న తలుపు తీసే మనిషి అడిగింది. చలికోటు వేసుకుని లోపలికెళ్లాను.

మంచు రెండు రకాలు. బయటి తేమగాలి తలుపులోంచి దూరి, ఒక్కసారిగా అంత చలికి తగిలితే, గాల్లోనే గడ్డకట్టి పొడిగా రాలుతుంది. అది పొడి మంచు. గుప్పిట్లో నొక్కినా ముద్ద కాదు, ముగ్గుపిండిలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. తడి మంచులో నీరుంటుంది. నొక్కితే ఉండ కడుతుంది, పడిన చోట అంటుకుని తర్వాత రాయిలా బిగుస్తుంది. తలుపు దగ్గర దొరికింది పొడి మంచు, అదీ కాస్తే. గది చివర, చల్లగాలి ఊదే యూనిట్ ముందున్న పెట్టెల మీద మాత్రం చుక్కలు జారి బిగుసుకున్న గడ్డలు. అంటే అక్కడ పడినప్పుడు అది తడిగానే పడింది.

ఆ యూనిట్ గొట్టాల మీద చేరే మంచుని రోజుకి నాలుగుసార్లు హీటర్లు కరిగిస్తాయి. దాన్ని డీఫ్రాస్ట్ అంటాం. హీటర్లు ఆగాక, మిగిలిన నీటిచుక్కలు గడ్డకట్టేదాకా ఫ్యాన్లు కాసేపు ఆగాలి. ఆ ఆగడాన్ని ఫ్యాన్ డిలే అంటాం. పదకొండు గంటల డీఫ్రాస్ట్‌కి మూర్తిగారినీ పైడమ్మనీ కూడా లోపలికి పిలిచాను.

హీటర్లు ఆగాయి. ఆగీ ఆగకముందే ఫ్యాన్లు గయ్యిమని తిరిగాయి. పొగలాంటి ఆవిరి లేచి, మామీద మంచు రాలింది. చేయి చాపి పట్టి నొక్కాను. ముద్దగా ఉండ కట్టింది. దాన్ని పైడమ్మ చేతిలో పెట్టాను.

"లడ్డూలాగయిపోనాది బాబూ!" అంది.

"తలుపు మంచు ఇలా అవదమ్మా. నీ తప్పేం లేదు," అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

బయటికొచ్చి కంట్రోల్ ప్యానెల్ తెరిచాను. ఫ్యాన్ డిలే సెన్సర్‌ని తప్పించి ఎవరో ఒక ఎర్ర వైరు కలిపారు. దానికి చుట్టిన టేపు చివర చిన్న మడత ఉంది. మళ్లీ విప్పడానికి వీలుగా టేపు చివర మడిచిపెట్టడం నా అలవాటు. ఫిబ్రవరిలో సెన్సర్ పాడైతే, కొత్తది దొరికేదాకా అని తాత్కాలికంగా కలిపింది నేనే. ఆ తర్వాత మర్చిపోయాను. చలికాలం గడిచిపోయింది. వేసవిలో తేమ పెరిగేసరికి నా మతిమరుపు మంచై కురిసింది.

వెనక మూర్తిగారు నిలబడి ఉన్నారు. సెన్సర్ పోయిందని చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. పైడమ్మ ఇంకా ఆ ఉండ పట్టుకునే ఉంది. ఆ వైరు కలిపి మర్చిపోయింది నేనేనని చెప్పేశాను.

"ముందు సరుకు చూడండి," అన్నారు మూర్తిగారు. పెట్టె విప్పి రొయ్యల దిమ్మలో థర్మామీటరు గుచ్చాను. ఉండాల్సిన చలి ఉంది. నాలుగుచోట్ల చూశాను, అన్నీ బాగున్నాయి. "బతికిపోయామండీ," అని ఆయన బయటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు. నాకూ అప్పుడే ఊపిరాడింది. సాయంత్రంలోగా కొత్త సెన్సర్ తెచ్చి బిగించాను. రిపోర్టులో కారణం అన్న చోట నా పేరే రాశాను.

పైడమ్మకి క్షమాపణ చెప్పబోతే ఆపేసింది. "మీరు నాకొక్కదానికే సెప్తే ఏటి లాభం బాబూ? మేనేజరుగోరు నన్ను పదిమందిలో అనీసినారు."

న్యాయమే. డ్యూటీ దిగే వేళకి ప్యాకింగ్ హాల్లో అందరి ముందూ తప్పు నాదని చెప్పాను. మూర్తిగారు కూడా నా పక్కనే నిలబడి, "తొందరపడ్డానమ్మా," అన్నారు. పైడమ్మ తలూపి, బస్సుకి టైమవుతోందని వెళ్లిపోయింది. సోమవారం యథాప్రకారం తలుపు దగ్గరే ఉంది.

ఇప్పుడు తాత్కాలికంగా ఏ వైరు కలిపినా దానికి ఎర్ర గుడ్డ కట్టి, తీసేదాకా ఆ ప్యానెల్ తాళం నా జేబులోనే ఉంచుకుంటున్నాను. తప్పు ఎవరిదని అడిగేముందు నా చేతిపని చూసుకుంటున్నాను. ఆ గదికి సర్వీసుకి వెళ్లినప్పుడల్లా పైడమ్మ తలుపు తీస్తూ, "ఏటి బాబూ, ఈరోజు లడ్డూ అవుతాదా?" అని అడుగుతుంది. లోపలికెళ్లి గుప్పెడు మంచు తెచ్చి, ఆమె ముందే నొక్కి, వేళ్ల సందుల్లోంచి పొడి రాలడం చూపించాకే సర్వీసు కాగితం మీద సంతకం పెడతాను.