ఎస్తేరాంటీ, మా గడ్డం తొండ

మెడనొప్పికని పోయిన నెల కొండాపూర్‌లో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్లాను. ఇన్నేళ్లుగా కంప్యూటరు ముందు వంగిన మెడ, ఇక మొరాయించింది. అక్కడి అమ్మాయి నన్ను బోర్లా పడుకోబెట్టి ఎర్ర బల్బు వెలిగించింది. బల్బు మీది దుమ్ము కాలిన వాసన వచ్చింది, వీపుకు నెమ్మదిగా వేడి తగిలింది. ఆ అమ్మాయి అటు తిరగగానే నేను చెయ్యి వెనక్కి తిప్పి, మణికట్టు లోపలి వైపు బల్బు కింద పెట్టి చూశాను. "వేడి ఎక్కువైందా సార్?" అని అడిగింది. లేదమ్మా, అలవాటు అన్నాను. ఆ అలవాటు ఎస్తేరాంటీ దగ్గర వచ్చింది.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మాది తెనాలి. మణికొండలో ఒక అపార్ట్‌మెంటులో నేనూ, నా సహోద్యోగి శ్రీకరూ కలిసి అద్దెకుండేవాళ్లం. ఒక రోజు బంద్, మరో రోజు ధర్నా. ఆఫీసు బస్సు వస్తుందో రాదో చివరి నిమిషం దాకా తెలిసేది కాదు. నేను స్వతహాగా పిరికివాణ్ని. ఆటో ఎక్కితే ‘అండి’ అన్న మాట ఎక్కడ నోరు జారుతుందోనని మాట్లాడకుండా కూర్చునేవాణ్ని. నన్నెవరూ ఒక్క మాట అనలేదు, అది వేరే సంగతి. శ్రీకర్ మాత్రం బెంగళూరుకు బదిలీ చేయించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, ముచ్చటపడి కొనుక్కున్న తొండను నా నెత్తిన పెట్టాడు. "పరిస్థితులు చక్కబడ్డాక వచ్చి తీసుకెళ్తాలేరా" అన్నాడు.

దాన్ని బియర్డెడ్ డ్రాగన్ అంటారు. పేరు వింటే నిప్పులు కక్కుతుందేమో అనిపిస్తుంది గానీ, చూడటానికి కంచె మీద తల ఊపే తొండే, కాస్త పెద్దది. భయం వేస్తే గొంతు కింది ముళ్ల చర్మం ఉబ్బి గడ్డంలా నల్లబడుతుంది. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు, ఇది ముదిరి ఏమవుతుందోనని నా దిగులు. శ్రీకర్ దాన్ని అట్టపెట్టెలో పెంచాడు. నేను ఇంటర్నెట్‌లో చదివి బెంబేలెత్తిపోయాను. దానికి గాజుపెట్టె కావాలట. ఒక కొస మండుటెండలా, రెండో కొస నీడలా ఉండాలట. ఎండలోని ఒక రకం కిరణాలు తగలకపోతే ఎముకలు మెత్తబడతాయట. చేపల తొట్లు అమ్మే దుకాణంలో పెద్ద గాజుపెట్టె కొని, ఒక మూల బల్బు కట్టాను. ఎడారి జంతువు కదా అని, ఎదురుగా కడుతున్న బిల్డింగు ముందున్న కుప్పలోంచి ఇసుక అడిగి తెచ్చి, జల్లించి మరీ పరిచాను. మణికొండలో ఇసుకకు కొదవా? ఇంకేది ఎలా ఉన్నా ఇసుక మాత్రం బ్రహ్మాండంగా కుదిరిందని మురిసిపోయాను.

మా ఎదురు ఫ్లాట్‌లో ఎస్తేరాంటీ ఉండేవారు. జనగామ వైపు మనిషి. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నర్సు. భర్త లేరు. కూతురు రూతు యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆదివారం చర్చికి, మిగతా రోజులు డ్యూటీకి, వీలు చిక్కితే ధర్నాకు వెళ్లేవారు. ఒక సాయంత్రం కరెంటు పోయి నేను మెట్ల మీద తల పట్టుకుని కూర్చుంటే ఆగారు.

"ఏంది రవీ, గిట్ల మొఖం ఏలాడేసినవ్?"

"కరెంటు లేదండి. చలికి అది చచ్చిపోతుందేమోనని."

ఆంటీకి తొండలంటే చచ్చేంత భయం. నా వెంట వచ్చి గది గుమ్మం దగ్గరే నిలబడి, "గీ తొండ కొరకా? మా ఊళ్ల పోరగాళ్లు రాళ్లతోని కొట్టేటోళ్లు" అన్నారు. అయినా వెళ్లిపోలేదు. సీసాల్లో వేడినీళ్లు పోయించి, పాత చీర ముక్కల్లో చుట్టించి, పెట్టెలో ఒక పక్కన పెట్టించారు. కాసేపటికి దూరం నుంచే చెయ్యి చాచి, మణికట్టు లోపలి వైపు గాజుకు ఆనించి చూశారు.

"అరచెయ్యి పనిజేసి మొద్దువడ్తది. గీడ తోలు పల్చగుంటది. వెచ్చగుందో లేదో దీన్ని అడుగు."

"బతుకుతుందాండి?"

"గది నాకేమెరుక? ఫికర్ జేసుడు వేరు, అరుసుకునుడు వేరు బిడ్డా. నువ్వు ఉత్త ఫికరే జేస్తున్నవ్."

అరుసుకోవడమంటే దగ్గరుండి కనిపెట్టుకోవడం. ఆ మాట నేను వినడం అదే మొదలు. ఆ కిరణాలిచ్చే ట్యూబులైటు కోసం ఊరంతా తిరిగినా దొరకలేదు. ఆంటీయే దారి చూపించారు. "మేడ మీది ఎండకు కిరాయి కట్టాల్నా?" అన్నారు. అప్పటి నుంచి రోజూ ఆఫీసుకు ముందు దాన్ని భుజం మీద ఎక్కించుకుని మేడ మీదికి వెళ్లేవాణ్ని. ఆంటీ అవతలి కొసన మిరపకాయలు ఎండబెట్టుకుంటూ మాట్లాడేవారు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"మీకు తెలంగాణ రావాలని ఉందాండి?"

"రావాలె."

"మరి మేమో?"

"మీరు గూడ ఉండాలె. రెండింటికేం తకరారు?" అని మళ్లీ మిరపకాయలు తిరగేయడంలో పడ్డారు.

ఆ చలికాలంలోనే ఒక బంద్ వచ్చింది. అప్పటికి కొన్ని రోజులుగా తొండ తిండి ముట్టడం లేదు. మునగాకు వేస్తే చూడదు, గుమ్మడి తురుము వేస్తే చూడదు. ఆ పొద్దున లేచేసరికి గడ్డం నల్లగా ఉంది, వెనక కాళ్లు ఈడుస్తోంది. కుక్కల డాక్టరుకు ఫోన్ చేస్తే, ఇలాంటివి చూడనండి అన్నాడు. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి, ఎక్కడికి తీసుకెళ్లను? గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఆంటీ తలుపు కొట్టాను. ఫోను చేతిలో పట్టుకునే తలుపు తీశారు. నేను చెప్పింది విని, ఒక్కటే అడిగారు.

"దొడ్డికెప్పుడు పోయింది?"

దాని వేడి గురించి, తిండి గురించి, ఎముకల గురించి దిగులుపడ్డాను గానీ, ఇది నాకు తట్టనే లేదు.

"మా వార్డుల పొద్దుగాల అడిగేది గదే. కిందికెల్లి పోకుంటె పైకెల్లి ఏమిస్తవ్?" అంటూ మా ఫ్లాట్‌లోకి వచ్చి పెట్టెలోకి తొంగి చూశారు. "తినేటప్పుడు గీ ఇసుక నోట్లెకు పోతదా?"

పోతుంది. ఆకు ముక్కతో పాటు నాలుకకు అంటుకుని పోవడం రోజూ చూస్తూనే ఉన్నాను. నేను మురిసిపోయిన ఇసుకే దాని కడుపులో గడ్డకట్టింది.

ఆంటీ టబ్బులో గోరువెచ్చని నీళ్లు పట్టించి మణికట్టుతో చూశారు. "నేను ముట్ట. నువ్వే పట్టు" అన్నారు. తల నీళ్లపైకి ఉంచి, పొట్టను బొటనవేలితో ముందు నుంచి వెనక్కి మెల్లగా నిమరాలి. "వణుకకు. నీ భయం దానికి ఎరుకైతది" అన్నారు. నీళ్లు చల్లారినప్పుడల్లా మార్చించారు. అలా మధ్యాహ్నం దాటిపోయింది. మధ్యమధ్య ఫోను చూసుకుంటుంటే డ్యూటీ సంగతేమో అనుకున్నాను. చివరికి టబ్బులో నీళ్లన్నీ ఒక్కసారిగా ఇసుకా మురికీ అయిపోయాయి. "దేవునికి స్తోత్రం" అన్నారాంటీ. నేను ఏడ్చేశాను. తొండ దొడ్డికి పోయినందుకు ఏడ్చిన మనిషి ఈ ఊళ్లో నేనొక్కణ్నేనేమో.

అప్పుడు ఆంటీ ఫోను మోగింది. "బిడ్డా, యాడున్నవ్ బిడ్డా?" అంటూనే స్నానాల గది గడప మీద కూలబడ్డారు. పొద్దున ఊరేగింపులో విద్యార్థులను పోలీసులు వ్యాన్లలో ఎక్కించారట. రూతు కూడా అందులో ఉందని స్నేహితురాలు చెప్పింది, ఆ తర్వాత రూతు ఫోను పలకలేదు. ఇప్పుడే వదిలిపెట్టారట.

"పొద్దుటి నుంచీ తెలుసాండి మీకు?"

"తెలుసు."

"మరి చెప్పరేంటండి? మధ్యలో నా తొండ గోల ఒకటి."

"చెప్తె నువ్వేం జేస్తవ్? బస్సులు లెవ్వు. ఒక్కదాన్ని కూసుంటె పానం ఆగలే. నువ్వు తలుపు కొట్టినవ్, చేతికి పని దొరికింది. చేతికి పనుంటె పానం జర నిమ్మళంగుంటది." తడి మణికట్టుతో కళ్లు తుడుచుకున్నారు. ఆ క్షణంలో ఆవిడ నాకు మా అమ్మ తర్వాత అంతటి మనిషి అనిపించింది, ఇప్పటికీ అంతే.

ఇసుక మర్నాడే కుప్పలోకి వెళ్లిపోయింది. బల్బు కింద షాబాద్ బండ ముక్క పరిచాను, ఎక్కి కూర్చోవడానికి వేపకొమ్మ పెట్టాను, చల్లటి కొసన దాక్కోవడానికి పగిలిన కుండ బోర్లించాను. రాష్ట్రం వచ్చింది. నేనెక్కడికీ పోలేదు. శ్రీకర్ రానూ లేదు, తొండను అడగనూ లేదు. అది నిండా ముసలిదై, ఒక పొద్దున ఆ బండ మీదే కళ్లు మూసింది. ఆంటీ రిటైరై సొంతూరికి వెళ్లిపోయారు.

కొన్నేళ్ల తర్వాత, ఒక చలికాలం రూతు ఢిల్లీ నుంచి ఫోన్ చేసింది. "అమ్మకు అస్సలు బాగలేదన్నా. నేను బయల్దేరిన. నేనొచ్చేదాక జర దగ్గరుంటరా?" వెంటనే వెళ్లాను. ఆంటీ మంచంలో సన్నగా, చూపు తలుపు మీదే పెట్టి ఉన్నారు. "రూతు యాడిదాక వచ్చింది?" అని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఫికర్ చేయకండి అనబోయి ఆగాను. వంటింట్లో పచ్చి కందికాయలు కనిపిస్తే తెచ్చి, పళ్లెంతో సహా ఆవిడ ఒళ్లో పెట్టాను.

"రూతు వచ్చేసరికి ఇవి ఒలిచిపెట్టాలండి ఆంటీ."

నా వైపు చూసి నవ్వారు. "నా మందు నాకే ఇస్తున్నవా?" అన్నారు. వేళ్లు మెల్లగా కాయలు విప్పడం మొదలుపెట్టాయి. నేను మణికట్టు ఆవిడ పాదానికి ఆనించి చూసి, సీసాలో వేడినీళ్లు పోసి, పాత చీర ముక్క వెతికి చుట్టాను.

రూతు గుమ్మంలో అడుగు పెట్టేసరికి పళ్లెం సగం నిండింది. రెండు రోజుల తర్వాత, ఆంటీని సమాధి చేసి చుట్టాలు వెళ్లిపోయాక, మిగిలిన కాయలు రూతూ నేనూ కూర్చుని ఒలిచాం.

మా అమ్మాయి స్కూలు బస్సు ఆలస్యమైతే నేను ఇప్పటికీ అదే పిరికివాణ్ని. కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతుంటాను. మా ఆవిడ వెల్లుల్లి తెచ్చి నా ముందు పెడుతుంది. నేను కూర్చుని ఒలుస్తాను.