మార్కు మీద మా బుడ్డమ్మ

మా చెల్లెలు పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఒకటే అడిగారు. "మీ చెల్లెలు సినిమాల్లో చేసేదట కదా, ఏ సినిమాలో ఉందో చెప్పండి, చూస్తాం." నేనేం చెప్పను? అది లెక్కలేనన్ని సినిమాలకు పనిచేసింది. ఒక్కదాంట్లోనూ కనిపించదు. "కనిపించదండీ" అంటే నేనేదో దాస్తున్నట్టు నా ముఖంలోకి చూసి, టీ తాగి వెళ్ళిపోయారు.

అప్పటినుంచి నాకు ఒకటే కోరిక పట్టుకుంది. ఒక్క క్షణమైనా సరే, తెర మీద దాని ముఖం చూడాలి. ఇంట్లో ఫొటోలున్నాయి. ఫొటోలో మనిషి కదలదు కదా. అది తల తిప్పడం, రెప్ప వాల్చడం చూడాలి నాకు.

ఇంట్లో అందరికంటే చిన్నదని దాన్ని బుడ్డమ్మ అన్నాం. స్కూలు చదువు అయ్యేసరికి నాన్న బట్టతల దానికి పైనుంచి కనిపించేది. అయినా పేరు మారలేదు. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు మేం "బుడ్డమ్మా" అని కేకేస్తే చిన్నపిల్ల పరిగెత్తుకొస్తుందని గుమ్మం కింది సగం వైపు చూసేవారు. అది పై సగంలోంచి తల వంచుకుని వచ్చేది.

మా ఊళ్ళో ఒక బట్టల కొట్టు మేడ మీద మాష్టారొకాయన నటన నేర్పేవారు. నాటకాలు వేసినాయన. ఆయన దగ్గర పెద్ద పాఠం ఏడవడం. కన్నీళ్ళను కళ్ళలోనే ఆపి, మాట పూర్తయ్యాక జారనివ్వాలట. అందులో మా బుడ్డమ్మను మించినవాళ్ళు లేరు. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటుంటే, ఎదురుగా కూర్చుని, "నువ్వు ఉల్లిపాయ పెట్టుకుని ఏడుస్తున్నావు, నేను చూడు, ఉత్తినే" అని ఏడ్చి చూపించేది. తర్వాత ఇద్దరూ నవ్వుకునేవారు.

చదువు చివర్లో మాష్టారు పిల్లలందరినీ ఈ నగరానికి తీసుకొచ్చేవారు. సినిమా ఎలా తీస్తారో కళ్ళారా చూడకపోతే తాను చెప్పింది సగమేనని ఆయన నమ్మకం. అప్పటికి నాకు పెళ్ళయి ఇక్కడే రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. ఆ ఏడు రైలు దిగి లాడ్జికి పోకుండా గుంపంతా నేరుగా మా ఇంటికే వచ్చింది. సంచుల మీద సంచులు. కాలు పెట్టడానికి చోటు లేదు. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ లోపలి గదిలోంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"అమ్మో, ఇంతమంది హీరోలు ఒక్క గదిలోనా! మరి విలనెవరయ్యా?"

"గేటు దగ్గరున్నాడు బావా. ఎన్ని బకెట్ల నీళ్ళు వాడతారని అడుగుతున్నాడు" అంది బుడ్డమ్మ.

ఇంటి ఓనరు గారు నిజంగానే గేటు దగ్గరున్నారు. విన్నారు కూడా. ఆ నెలంతా మాతో మాట్లాడలేదు. మాకూ ప్రాణం హాయిగానే ఉంది.

మర్నాడు స్టూడియోలో జరిగింది నేను చూడలేదు. సాయంత్రం అందరూ ఒకేసారి చెబుతుంటే ముక్కలు ఏరుకుని విన్నాను. పెద్ద గోడౌను లాంటి షెడ్డు. దాని మధ్యలో సగం ఇల్లు. ఆ ఇంటికి మూడు గోడలున్నాయి, పైకప్పు లేదు. నేల మీద అడ్డం నిలువు అతికించిన టేపు ముక్కలు. ఆ గుర్తునే మార్కు అంటారు. హీరోయిన్ వచ్చి ఆ మార్కు మీద నిలబడాలి. కానీ లైట్లు సరిచేసుకోవడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపు ఆవిడ ఆ వేడిలో నిలబడదు. ఆవిడంత పొడుగున్న మనిషినొకరిని పెట్టుకుంటారు. ముఖం మీద వెలుతురు ఎలా పడుతుందో ఆ మనిషి మీద చూసుకుంటారు. అంతా కుదిరాక హీరోయిన్ వస్తుంది, ఆ మనిషి పక్కకు పోతుంది. ఆ రోజు ఆ మనిషి రాలేదు.

కెమెరామెన్ అటూ ఇటూ చూసి, గోడ వారగా నిలబడ్డ మాష్టారి పిల్లల వైపు వేలు చూపించాడు.

"ఏయ్, పొడుగమ్మాయ్! ఇలా వచ్చి నిలబడు."

ఎవరైనా ఏమనుకుంటారు? వేషం ఇస్తున్నారనే అనుకుంది మా పిచ్చిది. మాష్టారూ అదే అనుకుని, "వెళ్ళు తల్లీ, వెళ్ళు" అని వీపు తట్టారట. ఇది వెళ్ళి మార్కు మీద నిలబడి, ఊపిరి పీల్చుకుని, నేర్చుకున్న ఏడుపంతా ఏడ్చింది. గుండె మీద చెయ్యి పెట్టుకుంది, తల విసిరింది, కన్నీళ్ళు ఆపి మరీ వదిలింది.

లైట్‌మ్యాన్ నిచ్చెన మీద నుంచి అరిచాడు. "అమ్మాయ్, తల ఊపకమ్మా తల్లీ! నీ ముఖం పట్టుకోలేక చస్తున్నా ఇక్కడ!"

కెమెరామెన్ కెమెరా పక్కనుంచి తల బయటపెట్టి, "ఎవరు ఏడవమన్నారమ్మా నిన్ను? నిలబడితే చాలు" అన్నాడు.

షెడ్డంతా నవ్వింది. ఇది కూడా నవ్వింది, బుగ్గల మీద కన్నీళ్ళతోనే. తర్వాత కదలకుండా నిలబడింది. హీరోయిన్ వచ్చాక పక్కకు తప్పుకుంది. పోతుంటే కెమెరామెన్ పిలిచి, "రేపు కూడా వస్తావా? సరిగ్గా సరిపోయావు" అన్నాడట.

గుంపు వెళ్ళిపోయింది. ఇది మా ఇంట్లో ఉండిపోయింది. "కొన్నాళ్ళేనక్కా, అక్కడే కళ్ళముందు ఉంటే ఏదో ఒక వేషం రాకపోదు" అంది. ఆ కొన్నాళ్ళలోనే నా పిల్లలు పుట్టారు, పెరిగారు, దాన్ని పిన్నీ అని పిలుస్తూ దాని భుజం దాకా వచ్చారు.

దాని పనిలో కష్టం ఉందని బయటివాళ్ళకు తెలియదు. హీరోయిన్ ఏ రంగు బట్టలు వేసుకుంటే అదే రంగు వేసుకోవాలి. ఆవిడ ఎత్తు మడమల చెప్పులేస్తే ఇది చెక్కపలక మీద నిలబడాలి. ఆవిడ పొట్టిదైతే లైట్లు ముందు దీని ఎత్తుకు పెట్టేసుకుని, తర్వాత కాస్త దించుకునేవారట. అంతగా అలవాటైపోయింది వాళ్ళకి. అక్కడందరూ దాన్ని మార్కక్క అనేవారు. లైట్‌మ్యాన్ మాత్రం మొదటి రోజు మాట వదల్లేదు. పొద్దున్నే, "ఏం మార్కక్కా, ఇవాళ ఏడుస్తావా, నిలబడతావా?" అనేవాడట. "నువ్వు నిచ్చెన మీదనుంచి పడితే ఏడుస్తాలే" అనేదట ఇది.

ఇంటికొచ్చినా ఆ వెలుతురు పిచ్చి పోయేది కాదు. నేను వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే భుజాలు పట్టుకుని కిటికీ దగ్గరికి జరిపేది. "ఇక్కడ కూర్చో అక్కా. ఇక్కడైతే నీ ముఖం ఎంత బాగుందో తెలుసా!" నా ముఖం బాగుందన్నవాళ్ళు దాని తర్వాత ఇంకెవరూ లేరు.

ఒకసారి వేషం నిజంగానే వచ్చింది. బ్యాంకు సీనులో గుమాస్తా. ఒక్కటే మాట. "పక్క కౌంటర్‌కి వెళ్ళండి." ఆ వారమంతా మా ఇంట్లో వేరే మాట లేదు. కోపంగా అనేది, విసుగ్గా అనేది, జాలిగా అనేది. మా ఆయన టీ అడిగితే, "పక్క కౌంటర్‌కి వెళ్ళండి." పిల్లలు లెక్కలు చెప్పమంటే, "పక్క కౌంటర్‌కి వెళ్ళండి." సినిమా విడుదలైన రోజు ఊరినుంచి అమ్మ వచ్చింది. అందరం మధ్యాహ్నం ఆటకు వెళ్ళాం. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని, ముందుకు వంగి కూర్చుంది. ప్రతి సీనుకీ, "ఇదేనా బ్యాంకు?" అని దాని చెవిలో అడుగుతూనే ఉంది.

సినిమా అయిపోయింది. హాల్లో లైట్లు వెలిగాయి. జనం లేచి పోతున్నారు. అమ్మ మాత్రం లేవలేదు.

"ఏదే నీ బ్యాంకు?"

బుడ్డమ్మ తెర వైపే చూస్తూ, "పక్క కౌంటర్‌కి వెళ్ళండి" అంది. అని తనే నవ్వింది. మాలో ఎవరికీ నవ్వు రాలేదు. సినిమా పొడుగైందని ఆ సీను తీసేశారట. దానికి ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత అది వేషం మాటెత్తలేదు. మాష్టారు మాత్రం ప్రతి ఏడూ కొత్త పిల్లల్ని తీసుకొస్తూనే ఉన్నారు. గేటు దగ్గరనుంచే, "బుడ్డమ్మా, పిల్లలొచ్చారు!" అని కేక. ఇది ఎక్కడలేని హుషారుతో వాళ్ళను స్టూడియోకి తీసుకెళ్ళి అన్నీ తిప్పి చూపించేది. తన మొదటి రోజు కథ తనే చెప్పేది. ఆ ఏడుపు యాక్టు చేసి మరీ చూపించేది. "ఎవరైనా నిలబడమంటే నిలబడండి. ఏడ్చారో, జీవితాంతం మిమ్మల్ని చూసి నవ్వుతారు" అనేది. పిల్లలు పడీపడీ నవ్వేవారు. మాష్టారు మాత్రం నవ్వేవారు కాదు. ఆ రోజు వీపు తట్టి పంపింది ఆయనే కదా.

పోయిన వానాకాలంలో దానికి దగ్గుతో మొదలైంది. ఊపిరితిత్తులన్నారు. ఆసుపత్రిలో కూడా దాని ధోరణి దానిదే. మందు ఇవ్వడానికి వచ్చిన నర్సుతో, "మా అక్కని ఆ ట్యూబులైటు కింద కూర్చోబెట్టకమ్మా, పదేళ్ళు పెద్దదానిలా కనిపిస్తోంది" అంది. నేను కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాను. "ఆఁ, అలా" అంది. ఆ తర్వాత మాట్లాడే ఓపిక దానికి లేకపోయింది.

మాష్టారికి కబురు చెప్పాలని మాకెవరికీ తోచలేదు. ఈ ఏడు కూడా ఆయన వచ్చారు. చేతికర్ర వచ్చింది, మనిషి సగమయ్యారు. కేక మాత్రం అదే. "బుడ్డమ్మా, పిల్లలొచ్చారు!"

నేను గేటు దాకా వెళ్ళాను. నన్ను చూసి, నా వెనక గుమ్మం పై సగంలోకి చూసి, మళ్ళీ నన్ను చూశారు. నేను చెప్పాల్సిన పని లేకపోయింది. కర్ర గోడకు ఆనించి మెట్టు మీద కూర్చుండిపోయారు. సంచులు భుజాన వేసుకున్న పిల్లలు ఏం చెయ్యాలో తెలియక రోడ్డు మీదే నిలబడ్డారు.

టీ ఇచ్చాక ఆయనే అన్నారు. "నువ్వు రా అమ్మా మాతో. అది చూపించే చోట్లు నేనొక్కణ్ణే చూడలేను."

ఇన్నేళ్ళలో నేను ఆ షెడ్డులో అడుగుపెట్టలేదు. రమ్మని అదెన్నోసార్లు అడిగింది, ఇంటి పని తెమిలేది కాదు. ఇప్పుడు వెళ్ళడానికి నాకో కారణముంది. లైట్లు సరిచేసుకునేటప్పుడు ఒక్కోసారి కెమెరా కాసేపు తిప్పి చూసుకుంటారని అది చెప్పేది. అలా తిప్పినప్పుడు ఎదురుగా ఉన్నది అదే కదా. ఆ ముక్క ఎక్కడో ఒకచోట ఉండకపోతుందా?

లైట్‌మ్యాన్ అక్కడే ఉన్నాడు. తల నెరిసింది. ఇప్పుడు నిచ్చెన ఎక్కడం లేదు, కింద నిలబడి కుర్రవాళ్ళ చేత చేయిస్తున్నాడు. నేనెవరో చెప్పగానే చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. నేనే అడిగాను.

"బాబూ, దాని ముఖం ఉన్న ముక్క ఏదైనా దొరుకుతుందా? ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను."

ఆయన నన్ను కెమెరామెన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. కెమెరామెన్ కొత్తాయన, మా పెద్దవాడి ఈడువాడు. నేను అడిగింది శ్రద్ధగా విన్నాడు.

"అవి దాచం అమ్మా. వెలుతురు చూసుకుని అప్పుడే తీసేస్తాం. ఒక్కటి కూడా ఉండదు. ఉంటే నేనే మీ ఇంటికి తెచ్చి ఇచ్చేవాణ్ణి."

సరే అన్నాను. మాష్టారు పక్కనే కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నేల చూస్తున్నారు.

పని మొదలైంది. దాని చోట్లో ఇంకా ఎవరూ కుదరలేదట. కెమెరామెన్ మాష్టారి పిల్లల వైపు తిరిగి, ముందు నిలబడ్డ, ఈ సినిమా హీరోయిన్ అంత ఎత్తే ఉన్న ఒక పొట్టి పిల్లను రమ్మన్నాడు. ఆ పిల్ల వెళ్ళి మార్కు మీద కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడింది. దారిలో మాష్టారు కథంతా చెప్పారు. కదలకూడదని తెలుసు దానికి.

లైట్‌మ్యాన్ ఒక లైటు తనే లాక్కొచ్చాడు. పిల్ల వైపు చూడనైనా లేదు. స్టాండు పైకి జరిపి, మర బిగించి, స్విచ్చి వేశాడు.

వెలుతురు ఆ పిల్ల తల మీదుగా పోయి వెనక గోడ మీద పడింది. గోడ మీద ముఖమంత మేర తెల్లగా వెలిగింది. కింద పిల్ల ముఖం మసకగా ఉండిపోయింది.

"అన్నా, పైకి పోయింది. అమ్మాయి కళ్ళే కనిపించడం లేదు" అన్నాడు కెమెరామెన్.

లైట్‌మ్యాన్ అప్పుడు తలెత్తి గోడ చూశాడు. "చెయ్యి అలవాటు సార్" అన్నాడు. మర మీద చెయ్యి వేశాడు కానీ తిప్పలేదు. నా వైపు చూశాడు. కెమెరామెన్ కూడా తొందరపెట్టలేదు.

నేను ఆ వెలుగునే చూస్తూ నిలబడ్డాను. సరిగ్గా అంత ఎత్తు. గుమ్మం దగ్గర తల వంచకపోతే తగిలే ఎత్తు. నుదురు అక్కడ, కళ్ళు అక్కడ, నవ్వితే ఒకపక్కకు వంగే పెదవి అక్కడ. అన్నింటి మీదా వెలుతురు బాగా పడుతోంది. అక్కడ మనిషే లేదు.

ఎంతసేపు చూసినా గోడే. అవతల ఆ పిల్ల చీకట్లో, ఎవరూ పక్కకు రమ్మని చెప్పలేదు కాబట్టి, కదలకుండా నిలబడి ఉంది.

"దించు బాబూ" అన్నాను. "ఆ పిల్లకి అందడం లేదు."

ఆయన మర తిప్పాడు. వెలుతురు మెల్లగా గోడ దిగి, పిల్ల జుట్టు మీదికి, నుదుటి మీదికి, కళ్ళ మీదికి వచ్చింది. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయి. జారనివ్వలేదు.