రేపల్లె తొట్టి

పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. ఎండకి మాడిన ఇసుక గుట్ట మీద పైపుతో నీళ్ళు కొట్టగానే లేచే వాసన తగిలిందంటే చాలు, బాపట్లలో మా పెరడూ, జామచెట్టు కింద ఇసుక నింపి వల కప్పిన మూడు సిమెంటు తొట్లూ, వాటి ముందు గొంతుకూర్చున్న నాన్నా నాకు గుర్తొస్తారు.

నాన్న కాలేజీలో జువాలజీ చెప్పేవాడు. నలికీచులంటే ఆయనకి పిచ్చి. నున్నగా మెరుస్తూ, పాముపిల్లకి కాళ్ళు మొలిచినట్టుండే ఆ జీవి మా వైపు గుడ్లే పెడుతుంది. కానీ కొన్ని దేశాల్లో ఒకే రకం బల్లి ఒకచోట గుడ్లు పెట్టి, ఇంకోచోట నేరుగా పిల్లల్నే కంటుందని ఆయన చదివాడు. ఉప్పునేలలో గుడ్డు నిలవదు గనక రేపల్లె అవతలి నలికీచులు పిల్లల్ని కంటాయేమో, వాటి నెత్తుట్లోనే ఏదో తేడా ఉందేమో అని ఆయన ఆశ. అందుకే తెనాలి కాలవగట్టు నుంచి ఒకటి, మా ఊరి సరుగుడుతోట నుంచి ఒకటి, రేపల్లె నుంచి ఒకటి, కడుపుతో ఉన్నవాటినే ఏరి తెచ్చి పెంచాడు.

ఎనభైల చివర ఒక వేసవిలో, మొదటి రెండూ గుడ్లు పెట్టేశాక, ఆరువారాల ట్రైనింగుకి హైదరాబాదు వెళ్తూ రేపల్లె తొట్టిని పదేళ్ళదాన్నైన నాకు అప్పజెప్పాడు.

"రోజూ ఇసుక తవ్వి చూడమ్మా. గుడ్డుంటే ఉందని, లేకపోతే లేదని రాయి. అంతే."

అంతే! కానీ ముంజకాయల బళ్ళ పరుగులూ, చర్చిలో వేసవి బైబిలుబడి పాటలూ, ఆవకాయ కలిపిన బేసిన్లో అమ్మ వేడన్నం కలిపి పెట్టే ముద్దలూ ఉండగా, పురుగున్న ఇసుకలో చెయ్యెవరు పెడతారు? తవ్వకుండానే రోజూ "గుడ్లు లేవు" అని రాసేశాను.

నాన్న వచ్చే ముందురోజు చూస్తే తొట్లో అగ్గిపుల్లంతేసి పిల్లలు పరిగెడుతున్నాయి. ఇసుక కెలికితే పలచటి గుడ్డుపెంకులు. తిడతాడన్న భయంతో వాటిని మురిక్కాలవలో పారేశాను. నాన్న రాగానే, "పిల్లల్నే కంది, నేను చూశాను" అని చెప్పాను.

ఆయన నా నోటుబుక్కుని గుండెకి హత్తుకున్నాడు.

"ఏంటండీ ఆ సంబరం, మనవడు పుట్టినట్టు!" అంది అమ్మ.

ఆ తర్వాత ప్రతి వేసవీ నాన్న రేపల్లె బస్సెక్కి, ముళ్ళ తుప్పల్లో తిరిగి నలికీచుల్ని తెచ్చేవాడు. అన్నీ గుడ్లే పెట్టేవి. "ఇవి ఆ రకం కాదురా, ఇంకా లోపలికెళ్ళాలి" అనేవాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. ఆయన మొహం చూశాక మాట వెనక్కి పోయేది.

తొంభైల్లో ఒక మే నెలలో ఆ ఉప్పునేలలోనే పడిపోయి, మళ్ళీ లేవలేదు. వడదెబ్బ అన్నారు డాక్టరు గారు. నా అబద్ధమే ఆయన్ని ఆ ఎండలోకి పంపిందని నాకు తెలుసు. ఆయన సంచిలో నలికీచు బతికే ఉంది. దాన్ని తొట్లో వేసి రోజూ తవ్వాను. నాలుగో రోజున అదీ గుడ్లే పెట్టింది.

ఇప్పుడా నేలంతా రొయ్యల చెరువులు. వెతుకుదామన్నా అక్కడ తుప్పా లేదు, నలికీచూ లేదు. ఏటా మే నెలలో ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెడతాం. "ఆయన వెతికింది నిజమండి, కళ్ళారా చూసింది మా అమ్మాయి" అంటుంది అమ్మ, ఎనభై ఏళ్ళ మనిషి, వచ్చినవాళ్ళందరితో. ఈసారి ఎలాగైనా చెప్పేయాలనుకుని లేచి నిలబడ్డాను.

"చెప్పమ్మా" అంది.

"అవునండి" అన్నాను వాళ్ళతో.

అమ్మ తృప్తిగా కళ్ళు మూసుకుంది.