నీరటి మీలూద్ రాసిచ్చిన పగలు

ఎడారిలో ఒకే ఊట మీద బతికే ఐన్ జెర్గా తోటల్లో నీళ్ల తగాదా వస్తే తీర్పు చెప్పేది ఖాజీ కాదు, నీళ్ల వంతులు పంచే నీరటి మీలూద్. ఆ పని అతని తాత చేశాడు, తండ్రి చేశాడు, తర్వాత నలభై ఏళ్లు తను చేశాడు. ముగ్గురి చేతుల్లోనూ నలిగింది ఒకటే రాగి చెంబు, అడుగున సూదిబెజ్జం ఉన్నది. కాలవ మొదట్లో కొయ్యకి వేలాడదీసి నింపితే, అది ఖాళీ అయ్యేదాకా నీళ్లు ఒక తోటవి. ఖాళీ కాగానే ఖర్జూరపాకులో ఒక ముడి. వంతు ముడులు నిండాయా, మడవ తిప్పేయడమే. చుట్టు తిరిగి రావడానికి పన్నెండు రోజులు. చిన్న తోటకి నాలుగు చెంబులు, మధ్య తోటకి పది, పెద్ద తోటకైతే ‘ఒక పగలు’. ఒక పగలంటే ఆ పన్నెండింటిలో ఒక్క పగలు. ఈ సంగతి ఆ ఊళ్లో పాలు మరవని పిల్లలకి కూడా తెలుసు.

మహా మొండివాడు. చెల్లెలు సాల్హా మొగుడు చచ్చిపోయిన వారంలో కూడా ఆమెకి ఒక్క చుక్క ఎక్కువ వదల్లేదు.

“దేవుడు నిన్ను రాయితో చేశాడన్నా!” అని ఆమె దుమ్మెత్తిపోసింది.

“రాయిని గనకే నీ వంతు ఇంకొకడు మింగలేదు. నోరు మూసుకుని మడవ చూసుకో,” అన్నాడు.

ఆమెది కాలవ చిట్టచివరి తోట. నలభై ఖర్జూరపు చెట్లు, వాటి నీడన నాలుగు వరసల మిరప. ఆమె బతుకంతా అదే.

ఊటకి ఎగువన ఒక ఖర్జూరం కంపెనీ కొత్తగా తోట వేసింది. బోరు మీద డీజిల్ ఇంజను పెట్టింది. అది నడిచినంతసేపూ పొగ, రొద. డీజిల్ ధర మండిపోతోంది గనక వారానికి రెండు పూటలు తోడి ఆపేసేవాళ్లు. ఒకరోజు కంపెనీ తరఫున నజీబ్ అనే పట్నం కుర్రాడు, ఇస్త్రీ మడత నలగకుండా, మీలూద్ గడప తొక్కాడు. సముద్రం అవతల కొందరు డబ్బున్నవాళ్లు ఒక నిధి పెట్టారట. సొమ్ము లాభంతో తిరిగి రావాలి, భూమికి వేడీ తగ్గాలి. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం. ఇంజను తీసేసి ఎండతో నడిచే మోటారు పెడతామంటే వాళ్లు పెట్టుబడి ఇస్తారట. ఊరు ఒప్పుకున్నట్టు నీరటి సంతకం కావాలి.

“నీ సంతకం లేకపోతే వాళ్లు ఒక్క మిల్లీము కాసు కూడా విదల్చరు పెద్దాయనా,” అన్నాడు నజీబ్.

మీలూద్ ఉబ్బిపోయాడు. ఎవరైనా ఉబ్బిపోతారు మరి. అయినా అడగాల్సింది అడిగాడు. “ఎంతసేపు తోడతారు?”

“పగలే. రాత్రిపూట ఎండెక్కడిది!”

“ఒక పగలేనా?”

“అంతే, పగలే.”

వారానికి రెండు పూటలు పోయి పన్నెండు రోజులకి ఒక్క పగలు! ఊరికి నీళ్లు మిగిల్చానని లోలోపల మురిసిపోయాడు. కాగితం ఫ్రెంచిలో ఉంది. తనకి రాదు. సంతకం పెట్టాడు.

మొదటి రోజు ఎండ పట్టే పలకలు తళతళలాడాయి, మోటారు చప్పుడు లేకుండా తోడింది. రెండో రోజూ తోడుతుంటే మీలూద్ పరుగున వెళ్లాడు.

“మీ పగలు నిన్నటితో అయిపోయింది. ఆపండి!”

కంపెనీ తోట కాపలాదారు అమ్మార్ విరగబడి నవ్వాడు. “ఎండకి డబ్బులేమైనా కడుతున్నామా మామా, ఆపడానికి?”

నజీబ్ దగ్గరికి పోతే కాగితం తీసి చదివాడు. ప్రతిరోజూ, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా. కింద మీలూద్ సంతకం.

“నేను మోసం చెయ్యలేదు పెద్దాయనా, ఒట్టు. పగలంటే పగలే కదా?”

నిజమే, ఆ కుర్రాడు మోసం చెయ్యలేదు. చేసి ఉంటే కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషి మిగిలేవాడు. ఆ పూట మీలూద్ ఇంటికి పోలేదు, కాలవ గట్టున కూర్చుని తల బాదుకున్నాడు.

కంపెనీ తోట మూడింతలైంది. మూడో వేసవికి ఊట కుంగిపోయింది. కాలవ సగం దాకా కూడా నీళ్లు పారలేదు. చెంబు ఇంట్లో మేకుకి చేరింది. సాల్హా చెట్ల మట్టలు పసుపురంగుకి తిరిగి వేలాడాయి, గెలలు ఎండి రాలాయి. ఆమె అన్న గడప తొక్కడం మానేసింది. తిట్టినా బాగుండేది అతనికి.

చలికాలం మొదట్లో ఆమే వచ్చింది. “అంచున ఉన్న చెట్టు ఎలాగూ చస్తోంది. తల కోసెయ్ అన్నా. నీరా అయినా దిగుతుంది.”

అరవై ఎనిమిదేళ్ల మీలూద్ చెట్టెక్కాడు. చిన్నప్పుడు తను తడి పెట్టి పెంచిన చెట్టే. మొవ్వు చెక్కి కుండ కట్టి దిగాడు. ఏడ్చాడు కూడా, ఎవరైనా చూస్తారని సిగ్గుపడలేదు.

మర్నాడు పొద్దున్నే నిధి తాలూకు పిల్ల కెమెరాతో, ప్రశ్నల కాగితంతో, నజీబ్‌ని వెంటబెట్టుకుని మీలూద్ ఇంట్లో దిగింది. మంచి పిల్లే, చెప్పులు విడిచి చాప మీద కూర్చుంది. ఆమె అడిగినవన్నీ నజీబ్ అరబ్బీలో చెప్పాడు. డీజిల్ ఎంత మిగిలింది? పొగ పోయిందా? దగ్గు తగ్గిందా?

“పోయింది. తగ్గింది,” అన్నాడు మీలూద్. “మరి నీళ్లో?”

“కాగితంలో ఆ ప్రశ్న లేదు పెద్దాయనా,” అన్నాడు నజీబ్, తల దించుకుని.

ఆ పిల్ల కళ్లు మేకు మీది చెంబు మీద పడ్డాయి. దానితో నీళ్లెలా కొలుస్తారో చూపించమని బతిమాలింది. కొలవడానికి నీళ్లేవి? అక్కడే ఉన్న సాల్హా లోపలికి వెళ్లి, తెల్లారకముందే చెట్టు మీంచి దించిన నీరా కుండ తెచ్చి అన్న ముందు పెట్టింది.

“దీంతో కొలువు.”

మీలూద్ చెంబు వేలాడదీసి నింపాడు. బెజ్జంలోంచి సన్నటి ధార గ్లాసులోకి దిగింది. ఆ పిల్ల ఫొటోలు తీసుకుంది, గ్లాసందుకుని తాగింది, కళ్లు పెద్దవి చేసింది. ఎంత తియ్యగా ఉంది, ఇది మీ ఊట నీళ్లేనా అని అడిగింది.

“చెట్టుదని చెప్పు. తల నరికితే వస్తుంది. నెల్లాళ్లు కారి, చెట్టు చచ్చిపోతుందని చెప్పు,” అన్నాడు మీలూద్.

నజీబ్ ఏం చెప్పాడో గానీ, పొడి పొడిగా రెండు మాటలే చెప్పాడు. ఆ పిల్ల నవ్వి, మళ్లీ గ్లాసు చాచింది.

“పొయ్యన్నా,” అంది సాల్హా. “ఇంకా ముప్పై తొమ్మిది చెట్లున్నాయి.”

మీలూద్ చెంబు నింపాడు. అది ఖాళీ అయ్యాక, అలవాటుకొద్దీ ఆకులో ముడి వేశాడు.