పసుపు గుడ్డ కట్టిన సీమతుమ్మ

మీ బీడులోకి యంత్రాన్ని పిలిచేముందు, ఏ చెట్టు ఉండాలో ఏది పోవాలో మీరు ఒక్కసారైనా నడిచి చూశారా?

కారమడై దగ్గర మా చిన్నమ్మకు కొంత మేత బీడు ఉంది. ఆమె ఆవులకూ మేకలకూ అదే ఆధారం. చుట్టూ కిలువ చెట్ల పచ్చ కంచె, లోపల అక్కడక్కడ తెల్లతుమ్మలు. వేసవిలో గడ్డి ఎండిపోతే ఆ తుమ్మకాయలు రాలి పశువుల కడుపు నింపేవి. కంచెలో కౌజులు గుడ్లు పెట్టేవి. కొన్నేళ్లుగా సీమతుమ్మ సగం బీడును మింగేసింది. దాన్ని తీయించడానికి చిన్నమ్మ జేసీబీని పిలిచింది. పని చూసుకునే భారం పెదనాన్న తీసుకున్నాడు.

సింగానల్లూరు నుంచి బస్సెక్కి నేను వెళ్లేసరికి సాయంత్రమైంది. ఉత్తరం వైపు కంచె, దాని వెంట కొన్ని తెల్లతుమ్మలు, సీమతుమ్మలు తప్ప బీడంతా బోడిగా ఉంది. నడుమ ఒకే ఒక చెట్టు నిలబడి ఉంది, మొదలుకు పసుపు గుడ్డతో. అది సీమతుమ్మ.

మా వాళ్లలో ఇంటి దేవత రాయి మీద నీడనిచ్చే చెట్టుకు పసుపు గుడ్డ కట్టి, దాన్ని సామి మరం అంటారు. ఆపైన దాని కొమ్మ కూడా విరవరు. ఈ బీడులో ఆ రాయి పక్కనున్న పాత వేప ఎప్పుడో ఎండిపోయింది. దాని చోట సీమతుమ్మ మొలిస్తే గుడ్డను దానికి మార్చారు.

"తెల్లతుమ్మలు ఏల తీయిస్తిరి పెదనాయనా?" అన్నాను.

"ఏది విడవాలని డ్రైవరు అడిగె. సామి మరం విడిచి మిగతాదంతా తియ్యమంటిని. తప్పేముండాది?"

"ఆ సామి మరమే సీమతుమ్మ. దాన్ని తీసేదానికే కదా మిషన్ పిలిచింది."

"నీకు సామి లేదు, సరి. సామికి నువ్వుండావు కదప్పా. నోరు కాస్త అదుపులో పెట్టు."

పక్కనే ఉన్న చిన్నమ్మ ఆ మాటలు వినడం లేదు, మేకలనే చూస్తోంది. అవి బీడు నడుమ మిగిలిన ఒక్క నీడకే చేరి, ఆ చెట్టు కాయలే నములుతున్నాయి. వాటి పెంటికల్లోంచి ఆ గింజలు బీడంతా మళ్లీ మొలుస్తాయి. ఈ ఖర్చంతా దేనికి పెట్టినట్టు?

"రేపు డ్రైవరు ఉత్తరం పక్కకు వస్తాడు" అంది చిన్నమ్మ. "అదీ పోతే ఎండకు ఆవులు ఏడ నిలిచేది?"

ఇంట్లోకి వెళ్లి బకెట్‌లో సున్నం కలిపి తెచ్చింది. మిగిలిన ప్రతి తెల్లతుమ్మ మొదలుకూ, కంచె పొడవునా పూసుకుంటూ పోయింది. మర్నాడు ఆమె డ్రైవరుకు చెప్పినట్టే యంత్రం సున్నం ఉన్నవాటిని వదిలి సీమతుమ్మలనే పెకిలించింది. అంత చిన్న పని మొదటి రోజే ఎవరికీ తోచలేదు. పసుపు గుడ్డ చెట్టును మాత్రం ముట్టుకోవడానికి పెదనాన్న ఒప్పుకోలేదు. అది ఈరోజుకీ కాయలు రాలుస్తూనే ఉంది.

రాయికి మొక్కుతారా, మొక్కండి. చెట్టు పేరు కనుక్కోకుండా దానికి గుడ్డ కట్టకండి. యంత్రం రాకముందే సున్నం బకెట్ పట్టుకుని మీ బీడంతా నడవండి, ఉంచాల్సిన చెట్లకు గుర్తు పెట్టండి. సీమతుమ్మకు గుడ్డ కట్టి ఉంటే ఈరోజే విప్పి, ఆ చెట్టును వేళ్లతో సహా తీయించండి.