అమావాస్య నాడు అడుగులేసిన గ్రంథాలయం

ఈ సంగతి నేను రాసిపెట్టకపోతే ఇంకెవరో తప్పుగా రాసిపెడతారు. ఇప్పటికే ఆదోనిలో ఒక టీ కొట్టు దగ్గర విన్న ప్రకారం, విశ్వవిద్యాలయం లైబ్రరీ కింద పాతకాలపు గోరీ ఒకటి ఉంది. గోనెగండ్ల బస్సులో విన్న ప్రకారం, పునాది తవ్వేటప్పుడు మాయమైన మేస్త్రీ ఒకడు ఇంకా కింద గచ్చు సరిచేస్తూనే ఉన్నాడు. మా ఎమ్మిగనూరు సంతలోనైతే నన్ను మంత్రగాణ్ణి చేసి, లైబ్రరీలోని దయ్యాన్ని నా భార్య చేత పట్టించారు. మూడింటిలో ఈ చివరిదానికే కాస్త నిజం అంటుకుని ఉంది. ఒక పెద్ద భవనాన్నీ, దాన్ని నమ్ముకున్న పిల్లల్నీ, ఒక బెంగళూరు ఇంజనీరునీ నేనొక్కణ్ణే ఎలా వణికించానో మొదటినుంచీ చెబుతాను. నవ్వుకోండి. కాకపోతే చుట్టూ ఎవరైనా ఉన్నప్పుడు చదవండి.

నా పేరు ఈరన్న, నేతపని. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా ఊళ్ళోని శాఖా గ్రంథాలయం నుంచి తెచ్చుకుని, మగ్గం మీద ఎదురుగా ఆనించుకుని, నేస్తూ చదివిందే. చరిత్ర, గ్రహాలు, తేనెటీగల పెంపకం, ఏది దొరికితే అది. ఒకసారి గ్రంథాలయ భవనాలు ఎలా కట్టాలో చెప్పే లావు పుస్తకం దొరికింది. మూడుసార్లు చదివాను. అక్కడితో నన్ను భరించడం చుట్టాలకు కష్టమైపోయింది. ఎవరింటికి పోయినా మంచినీళ్ళు తాగకముందే కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో చూసి, పోయినవాళ్ళింటికి పరామర్శకు వచ్చినట్టు తల ఊపేవాణ్ణి.

అలాంటివాడికి ఆదోని రోడ్డు మీద కొత్త విశ్వవిద్యాలయం, దానికో కొత్త లైబ్రరీ కనబడితే ఊరుకుంటాడా? పెట్టెలోంచి పెళ్ళినాటి బూట్లు తీసి, నూనె రాసి, వేసుకుని పోయాను. లైబ్రేరియన్ ఉమాదేవి మేడమ్ నా మాటలు గంటసేపు విన్నారు.

"బయటివాళ్ళకు కార్డు ఇవ్వకూడదు ఈరన్నా. కానీ ఈ బిల్డింగు గురించి మా ప్రొఫెసర్లు కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు. ఇదిగో కార్డు, నీ సెలవు రోజున వచ్చి చదువుకో. పిల్లలకు మాత్రం ఇబ్బంది కలగకూడదు."

మా నేతగాళ్ళకు ఆదివారంతో పనిలేదు. అమావాస్య నాడు మగ్గం ముట్టం, అదే సెలవు. కాబట్టి నెలకొకసారి.

ఆ హాలు గురించి చెప్పాలి. ఉత్తరం వైపు గోడంతా గాజు. అవతల ఎండలో వేపచెట్లు ఊగుతుంటాయి, దుమ్ము లేస్తుంటుంది, లోపలికి చప్పుడు రాదు. పైకప్పుకు చిల్లుల పలకలు. మనం మాట్లాడితే మాట ఎదుటివాడిదాకా పోకుండా మధ్యలోనే రాలిపోతుంది. లోపలి వైపు, పుస్తకాల బీరువాల మధ్య, మనిషి కదిలితేనే వెలిగే దీపాలు. కదలకుండా చదువుకుంటే, ఇక్కడెవరూ లేరని తేల్చుకుని ఆరిపోతాయి. బతికున్న మనిషికి ఆ మాట ఒక దీపం చేత చెప్పించుకోవడం ఎలా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు. ఇక నేల. మనం నడిచేది అసలు నేల కాదు. అసలు గచ్చుకు జానెడు ఎత్తున పలకలతో పరిచిన రెండో నేల. మధ్య ఖాళీలో వైర్లు పోతాయి, చల్లగాలి పారుతుంది. ఆ గాలి అక్కడక్కడా చిన్న జల్లెడ మూతల్లోంచి పైకొచ్చి చీలమండల్ని తాకుతుంది. ఇదంతా నేను పుస్తకంలో చదివిందే గనుక, మొదటిరోజు నలుగురు విద్యార్థుల్ని ఆపి మరీ వివరించాను. పాపం, వాళ్ళు బాత్‌రూమ్‌కు పోతున్నారు.

మూలన, ముందువైపు నేలదాకా చెక్కతో మూసిన బల్ల ఒకటి ఎంచుకుని కూర్చున్నాను. పుస్తకంలో పూర్తిగా మునిగాక తలపైని దీపం ఆరింది. అప్పుడు వినిపించింది.

టాక్... టుక్. టాక్... టుక్.

దూరంగా, చరిత్ర బీరువాల వెనక, నేల అడుగున. ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక. తల ఎత్తాను. ఆగిపోయింది. చెవులు రిక్కించి చాలాసేపు చూశాను. ఏమీ లేదు. సరేనని మళ్ళీ చదవసాగాను. రెండు పేజీలు తిరిగాయో లేదో, మళ్ళీ టాక్... టుక్. తల ఎత్తితే మళ్ళీ ఆగింది. అంటే, నేను వింటున్నానని దానికి తెలుస్తోంది! నా వీపు మీద చెమట చల్లగాలికి ఆరి, మళ్ళీ పట్టింది.

రెండో నెల హాలహర్వి ఊరి విద్యార్థిని పల్లవి పుస్తకాలు గుండెకు అదుముకుని నా బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, నీకూ ఇనపడిందా?"

"ఏమి?"

"ఎవురో నడుస్తాండారన్నా. నేల కింద! నా కాళ్ళ కాడికొచ్చి ఆగినారు."

వాచ్‌మన్ మాబాషా కూడా వచ్చాడు. ఆ మనిషి అప్పటికే రెండు నిమ్మకాయలు తలుపుకు కట్టి, ఉమాదేవి మేడమ్ చేత ఊడదీయించుకుని ఉన్నాడు.

"క్యాలెండర్ సూసినావా ఈరన్నా? పోయిన నెల వచ్చిన దినం అమాస. ఈ పొద్దూ అమాసే. మిగతా దినాలన్నీ నేను ఈడనే ఉంటా గదా, ఒక్క సప్పుడు రాదు."

"మాబాషా, అమావాస్యకూ నేలకూ ఏమి సంబంధమప్పా? చదువుకున్నవాళ్ళం, ఆలోచించల్ల."

"నేనూ ఆలోచన చేసినా. నువ్వొచ్చిన దినమే వస్తాది సూడు. నీ మీద మనసు పడిందేమో."

పాఠకులారా, అంతకంటే స్పష్టంగా సత్యాన్ని ఎవరూ ఎవరి చేతిలోనూ పెట్టలేరు. నేను మాత్రం దాన్ని మూఢనమ్మకం కింద తీసిపారేశాను. కుర్చీని మాత్రం గోడకు దగ్గరగా జరుపుకుని, బయటికి చిరునవ్వు నవ్వాను.

మూడో అమావాస్యకు హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ఆ రోజే విశ్వవిద్యాలయం పెద్ద అధికారి ఒకాయన విచారణకు వచ్చారు. సఫారీ సూటు, చేతిలో రుమాలు. ఉమాదేవి మేడమ్ నన్ను చూపించి, "ఇతను భవనాల గురించి బాగా చదివాడు సార్" అన్నారు. మంచితనంతో ఆవిడ అన్న ఆ ఒక్కమాట అందరికీ చాలా ఖరీదైపోయింది.

నేను గొంతు సవరించుకున్నాను. ఇలాంటి సందర్భం కోసమే పుట్టానని ఆ క్షణంలో నాకు గట్టి నమ్మకం.

"ఇది దయ్యం కాదు సార్. మన నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్ళిస్తుంది. పైన ఇంత బరువు. కాబట్టి పునాది ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఒరుగుతోంది. ఆ చప్పుడే మనం వింటున్నది. ఒక్కమాటలో చెప్పాలంటే, ఈ భవనం కాళ్ళు మార్చుకుంటోంది సార్."

అధికారి తన కాళ్ళ కిందికి చూసుకున్నారు. తర్వాత తలుపు ఎంత దూరముందో చూసుకున్నారు.

"దయ్యమంటే ఏదో శాంతి చేయించేవాళ్ళం. ఇది ప్రమాదం గదయ్యా! హాలు మూసేయండి. వచ్చే అమావాస్యకు బెంగళూరు నుంచి ఇంజనీరును పిలిపిస్తా. అతను కూడా ప్రమాదమంటే నేలంతా పెకలించాల్సిందే. సంవత్సరం పట్టినా సరే."

ఆ సాయంత్రమే తాళం పడింది. పల్లవి మెట్ల మీద కూర్చుని నన్ను చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

"పరీక్షలు రెండు నెలల్లో ఉండాయన్నా. హాస్టల్ రూములో ఆరుమందిమి. యాడ సదవల్ల మేము? దయ్యమున్నా సదువుకుంటాంటిమి గదన్నా!"

మేడమ్ మెల్లగా అన్నారు, "హాలు పోతే నీ కార్డుకూ పని ఉండదు ఈరన్నా." నోరు తెరిచి పిల్లలందరి చదువుల మీద, నా చదువు మీద మన్ను పోశాను. ఆ నెలంతా మగ్గం గుంటలో కూర్చుని పుస్తకం తెరవలేదు. నా భార్య నరసమ్మ భయపడి దిష్టి తీసింది.

నాలుగో అమావాస్య వచ్చింది. "బెంగళూరోళ్ళే వస్తాండారంటే నేనూ సూడల్ల" అని నరసమ్మ జొన్నరొట్టెల మూట పట్టుకుని వెంట బయలుదేరింది. ఇంజనీరు కుర్రవాడే. అధికారి తలుపు బయటే నిలబడ్డారు. ఎప్పుడూ ఎలా ఉంటుందో అలాగే ఉండాలని, ఎవరి చోట వాళ్ళను కూర్చోమన్నాడు ఇంజనీరు. పల్లవి కిటికీ దగ్గర, నేను మూలన నా బల్ల దగ్గర. అతను చరిత్ర బీరువాల మధ్య బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించాడు. నరసమ్మ తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది.

మొదట చదవలేకపోయాను. అయినా అక్షరం అక్షరమే గదా. నాలుగు పేరాలయ్యేసరికి అది నన్ను లోపలికి లాక్కుంది. దీపాలు ఒకటొకటే ఆరుతూ వచ్చాయి. గాజు అవతల చెట్లు చప్పుడు లేకుండా ఊగుతున్నాయి.

టాక్... టుక్. టాక్... టుక్.

"యారు? యారదు?" ఎవరదని ఇంజనీరు కన్నడంలో కేకేసి, చెవి పట్టుకుని లేచి కూర్చున్నాడు. "చెవి కిందే! నా చెవి కిందే కొట్టింది!" పల్లవి కళ్ళు మూసుకుంది. మాబాషా గోడకు క్యాలెండరులా అతుక్కుపోయాడు. నేను తల ఎత్తాను. ఆగిపోయింది.

ఆ భయంకర నిశ్శబ్దంలో నరసమ్మ ఫక్కున నవ్వింది.

"ఎవురూ కదలాకండి. ఏమయ్యా, నువ్వు మళ్ళా సదువు."

"ఇప్పుడు చదువేమే! ప్రాణాలు పోతుంటే?"

"సదువప్పా, సెప్తా గదా!"

చదివాను. టాక్... టుక్. అధ్యాయం చివరికొస్తోంది, కథ బిగుస్తోంది. చప్పుడు కూడా తొందరపడింది. టాక్‌టుక్, టాక్‌టుక్. దీపం వెలుగు లేని ఆ మూల నుంచి, తల ఎత్తకుండానే కంటికొసన చూస్తే, నరసమ్మ చెయ్యి దానంతటదే పక్కకు చాపుకుని గాలిలో ఏదో వెతుకుతోంది. ఆమెకేదో పూనిందనుకున్నాను. చివరి వాక్యం అయిపోయింది, చప్పుడు ఆగింది. ఆమె తన ఖాళీ చేతిని చూసుకుంది.

"సూసినారా? మగ్గం నాడెలో నూలు కండె అయిపోయిందనుకొని ఇంకో కండె అందియ్యబోయినా. పద్దెనిమిదేండ్లుగా ఇంటాండాను ఈ సప్పుడు. ఎడమ కాలు బరువు, కుడికాలు తేలిక, కండె అయిపోయేముందు ఆత్రం. మేడమ్మా, ఆయప్ప బల్ల కిందికి తొంగి సూడండి."

అందరూ తొంగి చూశారు. ఇంజనీరు మోకాళ్ళ మీద వంగి చూశాడు. మాబాషా గోడ వదిలి వచ్చి చూశాడు. అందరికంటే చివర చూసింది నేను. పెళ్ళినాటి బూట్లు తొడుక్కున్న రెండు కాళ్ళు, లేని మగ్గం చెక్కల్ని తొక్కి తొక్కి, అప్పుడే పని ముగించినట్టు బుద్ధిగా పక్కపక్కనే ఉన్నాయి. పుస్తకాలు చదవడం నాకు అలవాటైందే మగ్గం తొక్కుతూ. ఒకటి మొదలైతే రెండోది దానంతటదే మొదలవుతుందని ఆ రోజుదాకా నాకే తెలియదు.

ఇంజనీరు దుమ్ము దులుపుకుంటూ, "కింద ఖాళీ గదండీ. ఇక్కడ కొడితే అక్కడి జల్లెడలోంచి వినిపిస్తుంది" అన్నాడు. నేను తొలిరోజు నలుగురు విద్యార్థుల్ని ఆపి చెప్పిన పాఠమే!

మాబాషా నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "అమాస దయ్యం నువ్వేనాప్పా! నేను నీకే నిమ్మకాయలు కట్టినానా?"

అధికారి రుమాలుతో ముఖం తుడుచుకుని, హాలు తెరిచి ఉంచమని చెప్పి కారెక్కారు. పల్లవి అప్పటికే పుస్తకం తెరిచేసింది. నేను కార్డు తీసి మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆవిడ నవ్వు ఆపుకోలేక చాలాసేపు అవతలికి తిరిగి ఉన్నారు. తర్వాత కార్డు వెనక్కి నెట్టి, "బూట్లు బయట. కాళ్ళు కుర్చీ మీద" అన్నారు. ఇప్పుడా హాల్లో కుర్చీ మీద బాసింపట్టు వేసుకుని చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. కాళ్ళు కట్టేస్తే అక్షరాలు కూడా కదలడం మానేశాయి. ఒక్క పేజీకి ఒక పూట పడుతోంది.

కాబట్టి వేపచెట్ల సాక్షిగా, గాజు గోడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా బల్ల కింద చూసుకోకుండా ఇంకే భవనం పునాది గురించీ ఈ జన్మలో నోరెత్తను.

ఇక కృతజ్ఞతలు. కార్డు రెండుసార్లు ఇచ్చిన ఉమాదేవి మేడమ్‌కు. నిజాన్ని ముందే చెప్పి, చదువుకున్నవాడి చేత తిట్టించుకున్న మాబాషాకు. పరీక్ష పాసై, నాకు లడ్డూ పెట్టి, "దయ్యానికి" అని చెప్పిన పల్లవికి. నేలకు చెవి ఆనించిన ఇంజనీరుకు. పేరు అడిగే ముఖం నాకు లేకపోయింది, మన్నించాలి. చివరగా నరసమ్మకు. ఇదంతా రాసి వినిపిస్తే ఆమె కండె చుట్టడం ఆపకుండానే అంది:

"అమాస నాడు మగ్గం తొక్కకూడదంటారు. నాలుగు అమాసలు తొక్కితివి. పోనీలే, ఒక్క చీరన్నా దిగిందా?"