మా ఆయన తేల్చని సిస్టమ్

మా ఆయన జ్ఞానశేఖర్ చెడ్డ మనిషి కాదు. ముందే చెబుతున్నాను, లేకపోతే తర్వాతది విని మీరు అపార్థం చేసుకోగలరు. పోర్టులో క్రేన్ల ఎలక్ట్రీషియను. తాగరు, అరవరు, ఆదివారం చర్చి మానరు. ఉన్నదొక్కటే రోగం, ఏదీ తేల్చరు. ఇంటికి సీలింగు ఫ్యాను కొనడానికి రెండు వేసవులు పట్టింది. ఆ రెండు వేసవులూ విసనకర్రతో నా చెయ్యి పడిపోయింది.

అలాంటి మనిషి ఎనభై ఎనిమిదిలో ఇంటికి కంప్యూటర్ తెచ్చారు. ఓడల మీద పనిచేసే ఆయన పెదనాన్న కొడుకు సింగపూరులో పాతది కొని, మా ఇంట్లో దింపి మళ్ళీ ఓడెక్కేశాడు. నా కోసమే తెప్పించారు, అది ఒప్పుకోవాలి. అప్పుడు నేను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేదాన్ని. ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ ఉద్యోగాలు పడ్డాయి. పరీక్ష జూన్‌లో, కంప్యూటర్ మీదే. ముప్పై దాటితే తీసుకోరు. జూలైలో నాకు ముప్పై నిండుతాయి. అంటే నాకు ఇదొక్కటే అవకాశం. ఇంట్లో కొన్ని వారాలు చెయ్యి అలవాటు చేసుకుంటే చాలు.

కానీ ఆ పెట్టె ఊరికే పలకదు. ఆపరేటింగ్ సిస్టమ్ అని ఒకటి డిస్కుల్లోంచి దాని లోపలికి ఎక్కించాలట, అప్పుడే మన మాట వింటుందట. ఆ మహానుభావుడు రెండు రకాల డిస్కులు ఇచ్చి వెళ్ళాడు, డాస్ ఒకటి, యూనిక్స్ ఒకటి. మా ఆయన చేతికి రెండు వస్తువులిస్తే ఇంకేముంది, కొంప మునిగినట్టే!

పోర్టులో ఆయనతో పనిచేసే అబ్బులు వచ్చి చూసి, "డాస్ ఎయ్ బావా, ఊరంతా అదే వోడతన్నారు" అన్నాడు. ఆ ఆదివారం ఆరాధన అవగానే ఈయన బస్సెక్కి కూర్మన్నపాలెం వెళ్ళారు, స్టీల్ ప్లాంటులో పనిచేసే మా తమ్ముడు ఆనందకుమార్‌ని అడగడానికి. "పెద్ద పన్లన్నీ యూనిక్స్ మీదే బావా. డాస్ ఏటి, పిల్లలాట" అన్నాడట వాడు. సోమవారం మళ్ళీ అబ్బులు. ఆదివారం మళ్ళీ కూర్మన్నపాలెం.

"ఏదో ఒకటి ఎక్కించండి, నాను నేర్సుకుంటాను" అన్నాను.

"తొందరపడకు జయా. తప్పుది ఎక్కిత్తే మెషీన్ పాడైపోద్ది" అన్నారు.

నాకేం తెలుసు, నమ్మాను.

మే నెల సగమైంది. ఒళ్ళు మండిపోయి, మా చర్చి పాస్టరు అయ్యగారిని పిలిపించి ఇంట్లో ప్రార్థన పెట్టించాను. పెళ్ళి సంబంధాలకు చేసినట్టే బైబిలు మీద రెండు చీట్లు పెట్టి, ప్రార్థించి, ఒకటి తీశాం. డాస్ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఈయన తల గోక్కున్నారు.

"అయ్యగారండీ, పార్దన మద్దిలో నా మనసు యూనిక్స్ మీదకెల్పోయిందండి. ఇంకోపాలి తీద్దావా?"

అయ్యగారు మెత్తని మనిషి, సరేనన్నారు. ఈసారి యూనిక్స్ వచ్చింది.

"సూసావా జయా, దేవుడు కూడా తొందరపడొద్దంటన్నాడు" అన్నారు మా ఆయన. అయ్యగారు టీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయారు. ఎదురుగా బైబిలు ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను గానీ, ఆ రెండు చీట్లూ ఆయన నోట్లో కుక్కాలన్నంత కోపం వచ్చింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఇచ్చిన కాగితం చూసి కొట్టడమే పని. అది నాకు మంచినీళ్ళు తాగినంత తేలిక. కానీ ఏ మీట నొక్కితే పని మొదలవుతుందో తెలియదు. పక్కనున్న అమ్మాయిలు టకటకా కొట్టేస్తున్నారు. నేను మొదలుపెట్టేసరికే పది నిమిషాల పరీక్షలో ఏడు నిమిషాలు అయిపోయాయి. ఎంత ఏడుపొచ్చిందో! ఒక్క పేజీ కూడా పూర్తి చేయలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నారు. పరీక్ష ఎలా జరిగిందని అడగలేదు.

"అక్కడ ఏ సిస్టమ్ ఉంది జయా?"

"డాస్."

ఆ మొహం వెలిగిపోవడం చూడాలి! "అయితే ఇంకేటి, తేలిపోనాది!" అంటూ డిస్కులు తీసి కూర్చున్నారు. నేను చీర మార్చుకుని, వంటింట్లో టీ పెట్టుకుని వచ్చేలోపల పనైపోయింది. ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించిన పని అంతేనా! తెర వెలిగింది. ఆయన కుర్చీ లాగి, భుజం మీది తువ్వాలుతో దాన్ని తుడిచి, ఎంతో ప్రేమగా, "రా, కూకో. ఇంక నేర్సుకో" అన్నారు.

"ఇప్పుడెందుకండీ?" అన్నాను.

తుడిచిన కుర్చీనే తువ్వాలుతో మళ్ళీ తుడిచారు. నాకు ఇంకో పరీక్ష లేదన్న సంగతి ఆయనకు అప్పటికి గుర్తొచ్చింది.